ఆడి నెల గంజి

1996 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం పదీ నలభైకి వేలూరు దగ్గరి గుడియాత్తంలో, గుడ్డ ఉడికించి కడిగే మా షెడ్డు ముందు ఒక చిన్న లారీ ఆగి రెండు నీలం డ్రమ్ములు దించింది. ఒక్కోటి ముప్ఫై లీటర్లు. సమయం ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడగకండి. గుర్తు లేదు, రాసిపెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నేను రిజిస్టరు రాయని పనిదినం లేదు.

ఈ మధ్య ప్రయోగశాలల్లో చేరిన పిల్లలు పర్యావరణహితం అనే మాటను సబ్బుబిళ్ళ మీద ముద్రలా వాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట మాకు అప్పుడే కొత్తగా వచ్చింది. బయటిదేశాలతో వ్యాపారానికి తలుపులు తెరిచాక, కొనేవాళ్ళు గుడ్డ ఒక్కటే చూసి ఊరుకోలేదు. దాన్ని ఎందులో ఉడికించారు, ఆ నీళ్ళు ఎక్కడ పారబోశారు అని కూడా అడగడం మొదలుపెట్టారు. అలా అడిగిన మద్రాసు ఏజెంటు ఒకాయన కోసమే ఆ డ్రమ్ములు వచ్చాయి.

నూలుగుడ్డ అంటే దాదాపుగా అంతా సెల్యులోజే, మొక్క తన కోసం కట్టుకున్న పీచు. దాన్ని తెల్లగా, మెత్తగా చేయడానికి మేము కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి, బ్లీచింగ్ పౌడరులో ముంచి, ఆరు నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళన్నీ కాలవలోకి వదిలేవాళ్ళం. డ్రమ్ముల్లో వచ్చింది ఎంజైము. మొదటి డ్రమ్ములోది, నేసేముందు పడుగుకు పెట్టిన గంజిని తింటుంది. రెండోదానిలోది పీచు మీద లేచిన నూగును కొరికేసి గుడ్డను నునుపు చేస్తుంది. యాభై డిగ్రీల వేడి, కాస్త పులుపు, యాభై నిమిషాలు. తర్వాత ఎనభై డిగ్రీలకు పెంచితే చస్తుంది. చంపకపోతే నూగుతో ఆగదు, గుడ్డనే తింటుంది. ఇంతకుమించి మీకు అక్కర్లేదు.

రెండింటికీ వేరు వేరు తొట్లు వాడాలని డ్రమ్ము మీద రాసి ఉంది. ఒక తొట్టి నీళ్ళు మిగులుతాయని రెండింటినీ ఒకే తొట్టిలో కలిపే పద్ధతి పెట్టింది నేను. వేలూరులో ఒక కాలేజీ ల్యాబులో, అంగట్లో కొన్న మల్లుగుడ్డ మీద పదకొండు సార్లు చేసి చూశాను. పదకొండు సార్లూ బాగా వచ్చింది. అప్పట్లో నాకు నా మీద చాలా నమ్మకం.

షెడ్డులో తొట్లు చూసే మేస్త్రీ మేల్పాడి మనిషి. అప్పటికి యాభై ఆరేళ్ళు. పదహారో ఏట నుంచీ ఉడుకునీళ్ళలోనే ఉన్నాడు. నేను పద్ధతంతా అట్టమీద తెలుగులో రాసి గోడకు తగిలిస్తే, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు.

"బాగుండాదమ్మా. ఏమి రాసినావు?"

"చదువు. తెలుగే కదా."

"మాట్లాడేది తెలుగే. చదివేది తమిళు గదమ్మా. మా అమ్మ నోటితో నేర్పిచ్చింది, పలకతో నేర్పీలేదు."

మర్నాడు తమిళంలో రాసి తగిలించాను. చదివాడు. చివరి వరుస దగ్గర ఆగాడు. ప్రతి దఫా గుడ్డ వేసేముందు ఒక పేలిక వేసి చూడటం ఆయన అలవాటు. పేలిక బయటికి తీసి, రెండు చేతుల్తో లాగి, పళ్ళతో కొరికి, అప్పుడు గానీ గుడ్డ వేయడు. గంట పోతుంది, ఒక తొట్టి నీళ్ళు పోతాయి. ఇక మీదట పేలిక వద్దని రాశాను.

"గుడ్డ నాకు తెలీకుండా ఎట్ల వేసేదమ్మా?"

"కొలత ఉంది కదా. కొలత చూసి వేయి."

"సరి. కొలతే మేస్త్రీ అనుకుంటా, నేను పోయి టీ తాగతా."

ఇక గుడ్డ సంగతి. షెడ్డుకు అరమైలు దూరంలో ఇరవై ఆరు చేతిమగ్గాల వీధి ఒకటి ఉంది. తరాలుగా లుంగీలు నేసేవాళ్ళు. నూలు ఇచ్చి నేయించుకునే లుంగీ షావుకారి కింద ఉండేవాళ్ళు. ఆ వీధికి పెద్ద ఒకావిడ, అరవై ఏళ్ళ మనిషి. అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఏజెంటు అడిగింది చిన్నపిల్లల బట్టలకు పనికొచ్చే గుడ్డ, తెల్ల నేల మీద నీలి గళ్ళు. మొదటి సరుకు వెయ్యీ నలభై మీటర్లు, మగ్గానికి నలభై. అది తనిఖీలో నిలబడితే ఆ వీధికి సంవత్సరం పొడుగునా పని. షావుకారి నూలు వద్దని ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళనూ ఒప్పించింది పెద్దమ్మే. ఒకసారి వద్దన్నవాళ్ళకు షావుకారు మళ్ళీ నూలు ఇవ్వడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఫిబ్రవరి 20న వీధిలో మీటింగు పెట్టారు. షెడ్డు బాధ్యత చూసే మా అధికారి మాట్లాడాక నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను, బాగా మాట్లాడాను. ఇన్నాళ్ళూ విషాలు వాడాం, ఇక వద్దు, గంజిలో ఎవరైనా మందులు కలిపినట్టు తెలిస్తే ఆ ఇంటి గుడ్డ వెనక్కి పంపిస్తాం అన్నాను. అందరూ తలలూపారు. గంజిలో ఏం వేస్తారని పెద్దమ్మను అడిగాను.

"బియ్యప్పిండి, కొబ్బరినూనె. ఇంకేముండాది అమ్మణ్ణీ?"

రిజిస్టరులో రాసుకున్నాను. బియ్యప్పిండి, కొబ్బరినూనె.

మార్చి 4న వీధి గుడ్డతో మొదటి తొట్టి వేశాం. నూగు నూగులాగే ఉంది. ఎంజైము నిద్రపోయినట్టుంది. కాలేజీలో ఒక శాతంతో నున్నగా వచ్చిన గుడ్డ ఇక్కడ గోనెసంచిలా వచ్చింది. మేస్త్రీ వేడి సరిగా పెట్టలేదని అనుకుని రెండో థర్మామీటరు వేలాడదీశాను. తర్వాత ఎంజైములో నీళ్ళు కలుపుతున్నారేమోనని డ్రమ్ముకు తాళం వేశాను. తాళంచెవి నా కొంగున కట్టుకోవడం మేస్త్రీ చూశాడు. ఆ రోజు నాకు టీ తేలేదు.

ఎంజైము అమ్మినవాళ్ళ మనిషి మద్రాసు నుంచి వచ్చి, నీళ్ళు కఠినంగా ఉన్నాయి మేడం అన్నాడు. నీళ్ళు పరీక్షించాను, బాగానే ఉన్నాయి. మా అధికారి తొట్టి అల్యూమినియందేమో అన్నారు. ఆయన అప్పటికి ఆ షెడ్డులో నాలుగేళ్ళుగా ఉన్నారు. తొట్టి స్టీలు.

మేస్త్రీ ఒక్కడే పనికొచ్చే మాట అన్నాడు. మార్చి 18న.

"అమ్మా, నీళ్ళు నీలంగా దిగతా ఉండాయి."

"గళ్ళ రంగు దిగుతోంది. రాసుకుంటాను."

"గళ్ళ రంగు ఈ నీలం గాదమ్మా. ఇది వేరే."

"నువ్వు వేడి చూడు అప్పా, రంగు సంగతి నేను చూస్తాను."

రాసుకున్నాను. ఆ తర్వాత కూడా రాశాను. మార్చి, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మొత్తం తొమ్మిది చోట్ల, నీళ్ళు లేతనీలం అని నా చేతిరాతలో ఉంది. తొమ్మిది సార్లు రాసి, ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆలోచించే బదులు మోతాదు పెంచాను. ఒకటి నుంచి ఒకటిన్నరకు, మేలో రెండుకు, జూన్ 10న మూడు శాతానికి. మూడు దగ్గర గుడ్డ నున్నగా వచ్చింది. ఆ గుడ్డలో నుంచే శాంపిళ్ళు పంపాం. ఏజెంటు మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. మా అధికారి దాన్ని ఫ్రేము కట్టించారు. గోడ మీది అట్టలో 1 కొట్టేసి 3 అని నేనే దిద్దాను.

మొదటి సరుకు గుడ్డ ఆగస్టు 10, శనివారం నాడు షెడ్డుకు చేరింది. ఏజెంటు 16న వచ్చి తీసుకుపోతానన్నాడు. 14 ఆడి అమావాస్య, షెడ్డులో ఎవరూ పొయ్యి వెలిగించరు. 15 జెండా పండగ సెలవు. మిగిలింది సోమ, మంగళవారాలు. నేను సోమవారం, ఆగస్టు 12న, నేనుండే తొరపాడి నుంచి మొదటి బస్సెక్కి ఏడున్నరకు షెడ్డులో ఉన్నాను.

మేస్త్రీ గుడ్డ చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"ఈ గుడ్డ వేరేగా ఉండాదమ్మా. గంజి మెత్తగా ఉండాది. ఒక పేలిక వేసి చూస్తునా?"

"ఆ వీధి గుడ్డే కదా, ఆ మగ్గాలే కదా. ఐదు నెలలుగా వేస్తున్నాం. టైము లేదు."

"ఒక్క గంటే గదమ్మా."

"అట్ట చూడు మేస్త్రీ."

అట్ట చూశాడు. నా వైపు కూడా చూశాడు. తొమ్మిదీ పదికి మొదటి తొట్టిలో 520 మీటర్లు వేశాం. తొమ్మిదీ ముప్ఫై ఐదుకు రెండో తొట్టిలో మిగతా 520. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇవాళ రంగు దిగలేదు, చాలా బాగుంది, అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

పదిగంటలకు మేస్త్రీ మొదటి తొట్టిలో గుడ్డను కర్రతో ఎత్తబోయాడు. కర్ర గుడ్డలో నుంచి బయటికి వచ్చింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వచ్చింది. వేడి నీళ్ళలో చేయి పెట్టి ఒక మడత పట్టుకుంటే, ఉడికిన పెండలం చీల్చినట్టు విడిపోయి వేళ్ళకు అంటుకుంది. ఆయన ఆ చేతిని నా ముందు పెట్టాడు.

"ఆవిరి తెరువు, ఎనభైకి పోనీ" అన్నాను.

"ఎనభై వచ్చేలోపల రెండోది గూడా గంజే అవతాదమ్మా."

అని షెడ్డు వెనక్కి పరిగెత్తి ఒక డబ్బా తెచ్చి రెండో తొట్టిలో కుమ్మరించాడు. కాస్టిక్ సోడా. ఫిబ్రవరిలోనే షెడ్డులో ఒక్క గింజ ఉండకూడదని నేను సంతకం పెట్టి పంపించేసిన కాస్టిక్ సోడా. పులుపు విరిగితే ఎంజైము ఆగిపోతుంది. నాకూ తెలిసిన సంగతే, ఆ క్షణాన తట్టలేదు.

"ఇది ఎక్కడిది?"

"సుమ్మా, ఊరికే, ఉండనీ అని ఒక డబ్బా పెట్టుకున్యా. తిట్టేది తర్వాత తిట్టమ్మా, ముందు కర్ర పట్టుకో."

పట్టుకున్నాను. రెండో తొట్టిలో 310 మీటర్లు నిలబడ్డాయి. 210 పోయాయి. మొదటి తొట్టిలో 520కి 520 పోయాయి.

చిరిగిన గుడ్డ ముక్క ఒకటి బకెట్లో వేసుకుని పదకొండున్నరకు వీధికి వెళ్ళాను. పెద్దమ్మ ఇంటి ముందు రెండు పెద్ద అండాలు బోర్లించి ఉన్నాయి, పసుపు పూసి, వేపమండలు కట్టి. ఆడి నెలంతా, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అమ్మవారికి అంబలి కాచి వీధిలో అందరికీ పోయడం ఇక్కడి ఆచారం. దాన్ని కూళు అంటారు. గుడ్డ చూపించి, గంజి మార్చారా అని అడిగాను.

"మార్చలేదే. బియ్యప్పిండి, కొబ్బరినూనె."

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఈ నెల గంజి మెత్తగా ఉందని మేస్త్రీ అంటున్నాడు."

ఆమె బకెట్లో గుడ్డను వేలితో కదిలించింది. అది ముద్దగా పక్కకు జరిగింది.

"ఇది ఎవురి మగ్గానిది?"

"అందరివీ. ఏడువందల ముప్ఫై మీటర్లు."

ఆమె గడపమీద కూర్చుంది.

"మైలుతుత్తం వేస్తాము అమ్మణ్ణీ. మా అత్త కాలం నుంచీ. అండాకు ఇంత" అని బొటనవేలి మొదటి కణుపు చూపించింది. "లేకుంటే పావుకు పాచి పడతాది, పురుగు పడతాది. పెంకుటింట్లో నెలా రెండు నెలలు పెట్టుకోవాల గదా." పావు అని ఆమె అన్నది పడుగును.

"ఈ నెల ఎందుకు వేయలేదు?"

"ఆడి నెల్లో ఈ అండాల్లోనే గదా అమ్మోరికి కూళు కాసేది. దీంట్లో విషం పోస్తామా? ఆడి పుట్టినాక తుత్తం మాటే ఎత్తము. పావు గంజి పెట్టిన రెండో దినమే మగ్గం ఎక్కిచ్చేస్తాము, పాచి పట్టేలోపల నేసేస్తాము."

మైలుతుత్తం అంటే నీలంగా ఉండే రాగి లవణం. గంజితో పాటు అదే తొట్టిలోకి దిగిన రాగి ఎంజైమును చంపుతుంది. అప్పుడు నీలం నీళ్ళు అర్థమయ్యాయి. మార్చి నుంచి జూలై దాకా రాగి నా ఎంజైమును సగానికి పైగా చంపుతుంటే, ఆ చచ్చినదానికి బదులుగా నేను మోతాదు పెంచుతూ పోయాను. ఆడి నెలలో రాగి లేదు. మూడింతల ఎంజైమూ బతికే ఉంది.

"ఫిబ్రవరిలో అడిగితే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నువ్వే గదమ్మా మైకులో చెప్తివి, మందు కలిపితే గుడ్డ వెనక్కి పంపిస్తాననీ. ఇరవై ఆరు ఇండ్లను నా మాట మీద ఇవతలికి తెచ్చినాను. ఎట్ల చెప్పేది?"

నాకు ఆమె మీద కోపం వచ్చింది. మేస్త్రీ మీద వచ్చింది, అధికారి మీద వచ్చింది, అమ్మవారి మీద కూడా వచ్చింది. ఆ కోపం నాలుగు రోజులకు గానీ సరైన చోటికి చేరలేదు.

మధ్యాహ్నం అధికారి వచ్చి తొట్టి చూసి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"రెండు వరుసలు రాయండి మేడం. మేస్త్రీ వేడి చూసుకోలేదు, గుడ్డ పాడైంది. ఏజెంటు గడువిస్తాడు."

మేస్త్రీ అక్కడే నిలబడి ఉన్నాడు. అధికారి వెళ్ళాక నా దగ్గరికి వచ్చాడు.

"రాసెయ్యమ్మా. నా మీదనే వెయ్యి. నాకు ఇంకా రెండేండ్లే ఉండాది. నన్ను ఏమి చేస్తారు, తొట్టిలో వేస్తారా?"

"జరగనిది నేను రాయను."

"జరిగింది రాస్తే ఆ వీధి ఏమవతాదో చూసినావా?"

"జరిగింది రాస్తే వాళ్ళకే మంచిది. ఈ గుడ్డలో రాగి లేదు. అది రుజువు చేస్తాను."

"నీ రుజువు యాడ చదవతారమ్మా" అన్నాడు.

మంగళవారమంతా కూర్చుని రాశాను. నాలుగు పేజీలు, ఒక పట్టిక. తేదీల వరుసలో రాశాను, నాకు వేరే వరుస తెలియదు. మార్చి నుంచి జూలై దాకా ఏ తొట్టిలో ఎంత మోతాదు, నీళ్ళ రంగు ఏమిటి, గంజిలో మైలుతుత్తం ఉన్న సంగతి, అన్నీ మొదటి మూడు పేజీల్లో. ఆగస్టు గుడ్డలో రాగి లేదని, పేలిక పరీక్ష ఆపించింది నేనని, మోతాదు నాదేనని, తప్పు మేస్త్రీది కాదని నాలుగో పేజీలో. సాయంత్రం నాలుగున్నరకు సంతకం పెట్టి ఫైల్లో పెట్టాను. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాననే చెప్పాలి.

16న ఏజెంటు వచ్చాడు. మంచి మనిషే. చిరిగిన గుడ్డ చూసి కూడా మొహం చిట్లించలేదు. కాగితాలు అడిగాడు. చదువుతూ రెండో పేజీ మధ్యలో ఆగాడు.

"మాకు పంపిన శాంపిళ్ళలో ఈ మైలుతుత్తం ఉందా?"

"ఉంది. కడిగాక ఎంత మిగిలిందో నేను కొలవలేదు. ఈ సరుకులో మాత్రం లేదు. నాలుగో పేజీ చూడండి."

"మేడం, గుడ్డ చిరిగిందని ఒక్క మాట చెప్పి ఉంటే నెలన్నర గడువు ఇచ్చేవాణ్ణి. అలాంటివి జరుగుతాయి. ఇవి చిన్నపిల్లల బట్టలు. ఐదు నెలలు విషం కలిపారని మీరే సంతకం పెట్టి నా చేతికిచ్చారు. ఇది చూడలేదని నేను కొనేవాళ్ళకు చెప్పలేను."

"నాలుగో పేజీ చదవండి."

మర్యాద కోసం ఆ పేజీ తిప్పాడు. అతని కళ్ళు వరుసల వెంట కదల్లేదు. నిలబడిన 310 మీటర్లు కూడా తీసుకోలేదు, ఇక ఆ వీధి గుడ్డ వద్దన్నాడు.

ఆ సాయంత్రం వీధికి వెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. నిలబడే విన్నది.

"తుత్తం మానేస్తుమే అమ్మణ్ణీ. ఆడి అంతా లేకుండానే నేసినాము గదా. సంవత్సరమంతా అట్లనే నేస్తుము, ఇరవై ఆరు ఇండ్లూ. కాగితం ఇచ్చేముందు వచ్చి ఒక్క మాట అడగాల్సింది."

సోమవారం పదకొండున్నరకు ఆ గడప దగ్గరే ఉన్నాను. గంజి గురించి నా ప్రశ్నలన్నీ అడిగాను. మానగలరా అని అడగలేదు. మంగళవారం సాయంత్రం ఐదు లోపల ఫైలు పూర్తి చేయాలని నాకెవరూ చెప్పలేదు. ఆ గడువు నేనే పెట్టుకున్నాను. ఆమె మాట తీసుకుని, ఇరవై ఆరు ఇళ్ళ సంతకాలు పెట్టించి, నాలుగో పేజీని మొదటి పేజీ చేసి ఇచ్చి ఉంటే, ఏజెంటు దాన్నే ముందు చదివేవాడు. అప్పుడు కూడా కాదనేవాడేమో. అది నాకు తెలిసే అవకాశం నేనే లేకుండా చేశాను.

మీలో ఎవరైనా, అబద్ధం రాస్తే సరిపోయేదని నేను చెబుతున్నానని అనుకుంటే మళ్ళీ మొదటి నుంచి చదవండి. నేను రాసినదంతా నిజమే. నిజాన్ని నా రిజిస్టరు వరుసలో రాశాను. దాన్ని చదివే మనిషి ఏ వరుసలో భయపడతాడో ఆలోచించలేదు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, ఏ మేడమూ నేర్పదు. నాకూ ఎవరూ నేర్పలేదు. ఒక మేస్త్రీ చెప్పబోతే, ఆయనకు నేను అట్ట చూపించాను.

షెడ్డులో పద్ధతి తర్వాత కుదిరింది. రెండు తొట్లు, ఒక శాతం, ప్రతి దఫాకూ పేలిక. 1998 నుంచి వేరే ఊరి మిల్లు గుడ్డతో బాగానే నడిచింది. దానికి నాకు ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అందులో ఆ వీధి ప్రస్తావన లేదు. ఉండటానికి అప్పటికి అక్కడ పెద్దగా మగ్గాలు లేవు.

పోయినవాటి లెక్క ఇది. గుడ్డ, తొట్లలో 730 మీటర్లు. మూలపడి చెదలు పట్టింది ఇంకో 310. 1997 జూలై నాటికి ఆగిన మగ్గాలు ఇరవై ఆరింటిలో పందొమ్మిది. ఆ వీధి నుంచి ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలకు బస్సెక్కినవాళ్ళు ఇరవై ముగ్గురు, అందులో ఆడవాళ్ళు పదహారుమంది. మేస్త్రీకి ఉద్యోగం పోలేదు. పెద్దమ్మ మగ్గం 1997 మార్చి 3, సోమవారం నాడు విప్పారు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు.